రెండు పికప్పులూ, ఒక తాడూ

నేను ఉద్యోగంలో చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ ఒక ట్రెయిలరు మీదికి ఎక్కిస్తే దాన్ని లాగగల బండి ఇంతవరకూ తయారు కాలేదు. వాటిలో అట్టడుగున, అన్నిటికన్నా బరువుగా పడి ఉన్నదొకటుంది. దాన్ని ఇవాళ మీ ముందు దించుకుంటాను. దించుకుంటే తేలికవుతుందన్న ఆశేమీ లేదు. ఎన్నేళ్లని మోయను?

మొన్న ఒక కుర్ర ఇంజనీరు తన ఫోనులో రెండు పికప్ బండ్లను పక్కపక్కన పెట్టి, ఏది ఎంత బరువు లాగుతుందో క్షణంలో చూపించాడు. "మీ కాలంలో ఎలా పోల్చేవారండీ?" అని అడిగాడు. నేను దగ్గొచ్చినట్టు నటించి మంచినీళ్లు తాగాను. మా కాలంలో ఎలా పోల్చేవారో నాకు తెలియదు. నేనెలా పోల్చానో మాత్రం నర్సీపట్నం సంతబయలంతా చూసింది. మీకు ఫోను ఉంది, నాకు తాడు ఉండేది. తాడు చేతిలో ఉంటే బుర్రతో పనిలేదనుకున్నాను.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. మన్యం ఊళ్లకు మంచినీళ్ల బావులు తవ్వించే శాఖలో నేను వర్క్‌షాపు సూపర్వైజర్ని. కొండల్లో నాలుగు బారలు తవ్వేసరికి రాయి తగిలేది. ఆ రాయిని తొలిచే యంత్రానికి గాలి అందించడానికి మాకొక కంప్రెసర్ ఉండేది. చక్రాల మీద నిలబడిన గున్న ఏనుగులా ఉండేది. దానంతట అది కదలదు, కదిలిస్తే దానంతట అది ఆగదు, ఎందుకంటే దానికి సొంత బ్రేకుల్లేవు. దాన్ని లాగే లారీ ఒక వేసవిలో ఇంజను పగిలి మూలపడింది. షెడ్డులో మిగిలినవి రెండు పికప్పులు.

ఒకటి మిలిటరీ వాళ్లు వదిలించుకుంటే మేము తగిలించుకున్నది. ముందు చక్రాల లాగుడు ఎప్పుడో పోయి, వెనక చక్రాల మీద బతుకుతున్నది. టైర్లు నా నెత్తికి మల్లే నున్నగా ఉండేవి. రెండోది కొత్తది. మా ఆఫీసరుగారు పైవాళ్లతో మాట్లాడి, పట్టుబట్టి తెప్పించుకున్నది. ఆకాశం రంగు. దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకోని గుమాస్తా లేడు.

పాతబండి తోలేవాడిని పెద్ద డ్రైవరు అనేవాళ్లం. మిషన్ చర్చి కుటుంబం వాళ్లది. తండ్రి ఆ చర్చిలో గంట కొట్టేవాడట. ఈయన పొద్దున్నే బండి స్టార్టు చేసేముందు స్టీరింగు మీద చేయివేసి కళ్లు మూసుకునేవాడు. ప్రార్థన బండికో, బండిలో ఎక్కే మాకో నేనెప్పుడూ అడగలేదు. రిటైర్‌మెంటు దగ్గర పడుతోందని బలిఘట్టం దారిలో చిన్న ఇంటికి పునాది వేసుకున్నాడు. కొత్తబండి తోలేవాడు చిన్న డ్రైవరు. పెళ్లి కాని కుర్రాడు. క్రాపూ, బండీ రెండూ రోజూ తళతళలాడాలి.

మా శాఖలో ఒక పద్ధతి ఉండేది. డ్రైవరు పోస్టు మనిషికి కాదు, బండికి. బండి రికార్డులో ఉన్నంతకాలమే డ్రైవరు ఆ ఊళ్లో ఉంటాడు. బండిని కండెమ్ చేస్తే, అంటే పనికిరాదని తేల్చేస్తే, డ్రైవరు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి మూట కట్టుకోవాలి. అప్పట్లో ఖాళీ ఉన్నది పాలకొండ వైపు.

ఒకరోజు ఆఫీసరుగారు నన్ను పిలిచారు.

"ఏమయ్యా, కంప్రెసర్ లాగడానికి ఈ రెంటిలో ఏది గట్టిదో పోల్చి చూసి రిపోర్టు ఇవ్వు. గట్టిది ఉంటుంది. రెండోదాన్ని కండెమ్ చేసేద్దాం. ఊరికే మేపడం ఎందుకు?"

బుద్ధున్నవాడెవడైనా ఏం చేస్తాడు? కంప్రెసర్‌ని ముందు ఒకదానికీ, తర్వాత రెండోదానికీ తగిలించి, కొయ్యూరు దారిలో ఒక ఎత్తు ఎక్కించి, మధ్యలో ఆపి, మళ్లీ కదిలించి, వెనక్కి దింపి చూస్తాడు. ఏది ఎక్కుతుందో, ఏది ఆగుతుందో తెలిసిపోతుంది. ఇందులో గొప్పతనమేమీ లేదు. అందుకే నాకు నచ్చలేదు. రెండు బండ్లనీ వీపులు ఆనించినట్టు నిలబెట్టి, మధ్య మోకు కట్టి, అటూ ఇటూ లాగించాలనుకున్నాను. ఏది దేన్ని లాక్కుపోతే అది గట్టిది. ఇంత తేలిక సంగతి ఎవరికీ తట్టలేదేమిటా అని ఆ రాత్రి నన్ను నేనే మెచ్చుకుని పడుకున్నాను.

సంత లేని రోజు చూసి సంతబయల్లో ఏర్పాటు చేశాం. సంత లేకపోయినా జనం సంతకొచ్చినట్టే వచ్చారు.

"సూపరైజరుగోరూ, ఇది కోడిపందేలా గెలిసినోడు ఓడినోడ్ని కూరొండుకోడం ఉంటాదేటండీ?" అన్నాడొక టీకొట్టాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడ నిజంగానే కూర కాబోయేది ఎవరో ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

చిన్న డ్రైవరుకు గుర్తుంది. నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, ఓ మాట సెప్పనా? నా బండే ఓడిపోనాదని రాసీండి. నాకేటండి, పెళ్లి నేదు, పెటాకుల్నేవు. పాలకొండైతే ఏటి, పలాసైతే ఏటి? పెద్దాయన పునాదేసుకున్నాడు."

"పరీక్ష పరీక్షేనయ్యా. ఇందులో దయాదాక్షిణ్యాలకు చోటు లేదు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో పలికిన గాంభీర్యం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పెద్ద డ్రైవరు మాత్రం పందేనికి సరదాపడ్డాడు. "సూద్దారి బాబూ. ముసిల్దానికీ ఓ ముచ్చటుంటాది" అంటూ బండెక్కి, స్టీరింగు మీద చేయివేసి కళ్లు మూసుకున్నాడు.

మోకు కట్టాం. ముడి దగ్గరగా కనిపెట్టి ఉండాలని నేను కొత్తబండి వెనక తొట్టిలోకి ఎక్కాను. నేనప్పటికే నిండు మనిషిని. జీపులో నా పక్కన కూర్చోవడానికి ఎవరూ పోటీపడేవారు కాదు. నాతోపాటు స్టోర్‌కీపరు ఎక్కాడు. ఆయన నాకన్నా నిండు. మేము ఎక్కామని వాచ్‌మన్ కూడా ఎక్కి, మా ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు. పాతబండి తొట్టిలో ఎవరూ లేరు. అందులోంచి ముడి కనపడదు కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులోంచి కూడా కనపడేది. కొత్తబండి తొట్టి శుభ్రంగా ఉంది, అంతే.

నేను చేతిరుమాలు ఊపాను. రెండు ఇంజన్లూ అరిచాయి. మోకు బిగిసి వీణతీగలా మోగింది. కొంతసేపు ఎవరూ ఎటూ కదలలేదు. తర్వాత పాతబండి వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. దుమ్ము లేచింది. దుమ్ములోంచి పాతబండి మా వైపు వెనక్కి వెనక్కి రావడం చూశాను. జనం ఈలలు వేశారు. తొట్టిలో కూర్చునే నేను చప్పట్లు కొట్టాను.

పెద్ద డ్రైవరు బండి దిగి, ఒంగి, వేడెక్కిన టైరు మీద అరచెయ్యి పెట్టాడు. "అలిసిపోనాది బాబూ. దాని వొయసేటి తక్కువా?" అన్నాడు. ఆయన మాటలో నిష్ఠూరం లేదు. పరీక్ష న్యాయంగా జరిగిందని ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను. మా ఇద్దరిలో నమ్మేముందు సరిచూడటానికి జీతం తీసుకుంటున్నది నేను.

రిపోర్టు రాశాను. ఆఫీసరుగారి ముఖం వెలిగిపోయింది. తను తెప్పించిన బండి గెలిచింది మరి. పాతబండిని కండెమ్ చేశారు. పెద్ద డ్రైవరుకు పాలకొండ ఆర్డరు వచ్చింది. ఆ నెలాఖరున వెళ్లాలి.

ఆ నెలలోనే కొయ్యూరు పైన ఒక కొండఊరి బావికి కంప్రెసర్ పట్టుకుని బయల్దేరాం. చిన్న డ్రైవరు, పక్కన నేను. చదునులో కొత్తబండి హుషారుగా లాగింది. నేను ఈలపాట కూడా ఎత్తుకున్నాను. మొదటి ఎత్తు మొదలయ్యేసరికి వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. బండి కదలదు. దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ము నాకెక్కడో చూసినట్టే ఉంది కానీ ఎక్కడో తోచలేదు.

అప్పుడే సంత చేసుకుని కొండకు తిరిగి వెళుతున్న జనం వచ్చారు. అడ్డాకులు అమ్మి ఉప్పూ, ఎండుచేపలూ కొనుక్కున్న తట్టలతో ఆడవాళ్లు, భుజాన కావళ్లతో మగవాళ్లు.

"తొయ్యాలా బాబూ?" అని ఒకాయన అడిగాడు.

"తొయ్యక్కర్నేదు, ఎక్కీండి. మీ ఊరి దాకా దింపీస్తాను" అన్నాడు చిన్న డ్రైవరు. ఖాళీ బండికి పట్టు దొరకదని వాడికి అలవాటు మీద తెలుసు. వాళ్లంతా తట్టలతో సహా తొట్టిలోకి ఎక్కారు. బండి కిర్రుమని కుంగింది. చిన్న డ్రైవరు క్లచ్చి వదిలాడు. చక్రాలు నేలను కరుచుకున్నాయి. కంప్రెసర్‌తో సహా బండి బుద్ధిగా ఎత్తు ఎక్కేసింది.

అక్కడ, ఆ ఎత్తు మీద, నాకు వెలిగింది. వెనక్కి తిరిగి తొట్టిలో కిక్కిరిసిన జనాన్ని చూశాను. వాళ్ల మధ్యలో నేనూ, స్టోర్‌కీపరూ, వాచ్‌మనూ కూడా కూర్చుని చప్పట్లు కొడుతున్నట్టు కనిపించింది. సంతబయల్లో గెలిచింది కొత్తబండి కాదు, మేం ముగ్గురం. బరువు గెలిచింది. పరువు సంగతి అప్పటికింకా తేలలేదు.

"ఏటి సార్, అలగైపోనారు?" అన్నాడు చిన్న డ్రైవరు.

"ఏం లేదు, పోనీ" అన్నాను.

పై ఊరు రాగానే జనం దిగిపోయారు. ఒక ముసలమ్మ వెళ్తూ వెళ్తూ, "సల్లగుండు నాయనా, బావి బేగి తవ్వీండి" అని నా చెయ్యి పట్టుకుంది. తొట్టి ఖాళీ అయింది. అక్కడి నుంచి బావి చోటుకి దారి దిగుడు.

ఇంగ్లీషులో టో అంటే లాగడమని అప్పటిదాకా అనుకున్నాను. దిగుడులో కంప్రెసర్ మాకు తెలుగులో 'తో' అంటే ఏమిటో చెప్పింది. వెనకనుంచి తోయడం మొదలుపెట్టింది. బ్రేకు నొక్కితే బండి చక్రాలు ఆగాయి కానీ బండి ఆగలేదు, జారుతూనే ఉంది. ఖాళీ బండి, వెనక గున్న ఏనుగు. చిన్న డ్రైవరు పళ్లు బిగించి, లోయ పక్క నుంచి తప్పించి, ముక్కు తీసుకెళ్లి కొండపక్క మట్టిగట్టుకు గుచ్చాడు. కంప్రెసర్ అడ్డం తిరిగి, తగిలింపు తెంచుకుని, పక్కన కాలువ గోతిలోకి ఒరిగింది.

ఇద్దరం బతికే ఉన్నాం. వాడి నుదురు చీరుకుంది. నాకు గీత కూడా పడలేదు. అదీ నాకు సిగ్గుగానే ఉంది.

మర్నాడు మమ్మల్ని లాగడానికి పంపగలిగిన బండి మా షెడ్డులో ఒక్కటే ఉంది. కండెమ్ అయినా ఇంకా అప్పగించని పాతబండి. పాలకొండ వెళ్లడానికి సామాను కట్టుకుంటున్న పెద్ద డ్రైవరు దాన్ని తోలుకుని వచ్చాడు. దిగి, ముందు చిన్న డ్రైవరు నుదుటి కట్టు చూశాడు.

"నొప్పిగున్నాదేట్రా?"

"నేదు మావా."

తర్వాత గోతిలోని కంప్రెసర్‌ని చూశాడు. "దీన్ని ఇది నాగలేదు బాబూ. ఆ దినం సూసినారు గదా, దీని సత్తువ ఐపోనాది" అన్నాడు, సొంత కొడుకు పరీక్ష తప్పాడని చెబుతున్నట్టు.

"తొట్టినిండా రాళ్లు వేయించండి" అన్నాను.

"రాళ్లెందుకు బాబూ? అసలే నీరసంగున్నాది, మళ్లీ దానిమీద బరువా?"

జవాబు నా నోట్లోనే ఉంది. బావి దగ్గరి కూలీలు తొట్టి నిండా రాళ్లు వేశారు. పెద్ద డ్రైవరు కళ్లు మూసుకుని, తెరిచి, గేరు వేశాడు. నున్నటి టైర్లతోనే పాతబండి కంప్రెసర్‌ని గోతిలోంచి పైకి లాగి దారి మీద నిలబెట్టింది. తర్వాత కొత్తబండిని కూడా గట్టులోంచి ఊడబెరికింది. కూలీలు కేకలు పెట్టారు.

ఆయన దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఆ దినం ఎందుకోడిపోనాదో, ఈ దినం ఎలగ నాగిందో, నాకేటీ తెలట్లేదు బాబూ. దేవుడి దయ" అన్నాడు.

పిల్లలూ, అప్పుడు చెప్పాల్సింది. ఒక్క ముక్క. "ఆరోజు కొత్తబండిలో మేం కూర్చున్నామండీ." అందరి ముందూ చెబితే నవ్వుతారని భయపడ్డాను. నలుగురి నవ్వుకు జడిసి ఒకాయన ఇల్లు పునాదిలోనే ఆగిపోవడానికి ఒప్పుకున్నాను. దేవుడి దయ అని ఆయన అంటే, నేను అవునన్నట్టు తలూపాను. నా తప్పు దేవుడి ఖాతాలో పడింది.

ఆఫీసరుగారి గదిలో మాత్రం, తలుపు దగ్గరగా వేసి, చెప్పాను. ఆయన విని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"అయితే ఏమంటావ్? మా సూపర్వైజరు లావుగా ఉన్నందువల్ల రిపోర్టు తప్పయిందని పైకి రాయమంటావా?"

"నామీదే రాయండి సార్. పాతబండిని ఉంచేయండి."

"ఆ కొత్తబండి కోసం నేను ఎంతమందితో చెప్పుకున్నానో తెలుసా? ఇప్పుడది పనికిరాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? డ్రైవరుదేముందయ్యా, ఎక్కడైనా స్టీరింగు స్టీరింగే."

పెద్ద డ్రైవరు నెలాఖరున వెళ్లిపోయాడు. బస్సెక్కే ముందు నా దగ్గరకొచ్చి, "దాన్ని అప్పుడప్పుడు స్టార్టు సేయించండి బాబూ, బేటరీ సచ్చిపోద్ది" అన్నాడు. బలిఘట్టం దారిలో ఆ పునాది మీద గడ్డి మొలిచింది. నేను ఆ దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. ఆ తర్వాత ప్రతి మీటింగులోనూ ఆఫీసరుగారు, "మా దగ్గర బండ్లను తూచే మనిషి ఉన్నాడండీ" అని నన్ను చూపించి కథ మొదలుపెట్టేవారు. ఆ కథలో పెద్ద డ్రైవరు ఉండేవాడు కాదు. నా పొట్ట మాత్రం ఉండేది.

కండెమ్ అయిన బండి వేలానికి వెళ్లాలి. ప్రభుత్వంలో వేలం అంటే వేలాడటమే. షెడ్డు మూల పాతబండి అలాగే పడి ఉంది. నేను వారానికోసారి దాన్ని స్టార్టు చేసి, ఆయిలు చూసి, ఎవరికీ చెప్పకుండా మంచి టైర్లు కూడా వేయించాను. పుణ్యం కోసం కాదు. ఆ బండి ఇంజను చప్పుడు వింటే నాకు ఆ వారం కాస్త నిద్ర పట్టేది.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం. విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్దాఫీసరుగారికి బావులు చూపించడానికి మా ఆఫీసరుగారు కొత్తబండిని స్వయంగా తోలుకుంటూ ఆయన్ని నాతవరం వైపు తీసుకెళ్లారు. మధ్యాహ్నానికి వాళ్లతో వెళ్లిన మా ప్యూన్ ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని, మోకాళ్లదాకా బురదతో షెడ్డుకు వచ్చాడు.

"సార్, బండి తాండవ కాలవ గట్టుకాడ ఊబిలో దిగిపోనాది. ఇద్దరూ ఊబిలోనే నిలబడున్నారు. ఊళ్లో ఉన్న ట్రాక్టరు పెళ్లోళ్లని ఎక్కించుకుని ఎలిపోనాదట. పాతబండి పట్టుకుని మిమ్మల్ని బేగి రమ్మన్నారు."

షెడ్డులో అందరూ నా వంక చూశారు. చిన్న డ్రైవరు అప్పటికే పాతబండి తాళం చేతిలో పట్టుకున్నాడు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను, దానితో ముగించే అర్హత నాకు లేదు కాబట్టి. పెద్ద డ్రైవరు తిరిగి వచ్చాడు. ఆ ఇంటి గోడలు లేచాయి, రేకులు పడ్డాయి. ఆయన ఆ బండి మీదే రిటైరై, ఆ ఇంట్లోనే కొన్నేళ్లు బతికాడు. గృహప్రవేశపు ప్రార్థనకు నన్ను పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, అందరితో "ఈ బాబు వల్లే వొచ్చీసినాను" అన్నాడు. అప్పుడూ చెప్పలేదు. ఆయన పోయాక కూడా ఇన్నేళ్లు పట్టింది, అదీ ఆయన చదవలేని చోట.

కానీ ఆ వానాకాలపు మధ్యాహ్నం నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఆ బండి కండెమ్ అయిందయ్యా. కండెమ్ అయిన బండి షెడ్డు గుమ్మం దాటకూడదు. ఆఫీసరుగారి ఆర్డరే. ఈ బండి లాగడానికి పనికొస్తుంది, దీన్నీ దీని పాత డ్రైవర్నీ మళ్లీ నర్సీపట్నంలో పెట్టమని రెండు ముక్కలు రాసి పంపమను. పెద్దాఫీసరుగారు పక్కనే ఉన్నారు కాబట్టి ఆయన్ని కూడా కింద ఒక సంతకం చెయ్యమను. వెంటనే వచ్చేస్తాం."

ప్యూన్ వెళ్లి, బురద మరకలతో ఒక కాయితం తెచ్చాడు. తడిసిన వేళ్లతో, మోకాలి మీద పెట్టి రాసినట్టుంది. పనికొస్తుంది అని ఉంది. డ్రైవర్ని వెనక్కి రప్పించాలని ఉంది. రెండు సంతకాలూ ఉన్నాయి. చిన్న డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. షెడ్డంతా అదిరింది.

"ఆపు" అన్నాను. కళ్లజోడు పెట్టుకుని కాయితం మళ్లీ చదివాను. "సంతకాల కింద తేదీ లేదు."

ప్యూన్ నోరు తెరిచాడు. "సార్, అక్కడ జెలగలున్నాయండి."

"మరి బేగి వెళ్లు" అని, నాకొక టీ చెప్పించాను.